నాలుగో మేకు

సామాను సర్దడం అందరికీ వచ్చే పని కాదు. వచ్చనుకుంటారు. బ్యాగు నోరు తెరిచి, చేతికందినదల్లా కుక్కి, మోకాలు పెట్టి తొక్కి జిప్పు లాగేస్తే సర్దేసినట్టే అనుకుంటారు. తీరా అక్కడికెళ్ళాక ఒక్క అగ్గిపెట్టె కోసం బ్యాగంతా నేల మీద కుమ్మరిస్తారు. నేను ముప్పై ఎనిమిదేళ్ళు సర్వే పార్టీలకి సామాను కట్టాను. పన్నెండు మంది మనుషులు, ఆరు డేరాలు, నాలుగేసి నెలలు అడవిలో. ఒక్కడంటే ఒక్కడు నా మొహం చూసి "ఫలానాది మర్చిపోయావే" అన్నవాడు లేడు.

బరువైనది వీపుకి ఆనుకుని ఉండాలి. ముందు కావలసింది పైనుండాలి. తాడు కావలసినదానికి రెట్టింపు ఉండాలి. అగ్గిపెట్టెలు మూడు, మూడూ వేరువేరు చోట్ల. మందుల పెట్టె చీకట్లో తడిమినా చేతికి తగలాలి. ఇవన్నీ కాగితం మీద ఉండే సంగతులు కావు. చేతుల్లో ఉంటాయి.

మా కోడలు కాగితం మీద రాసింది.

అడవి అంచున, నీటి ఒడ్డున టెంటు వేసుకుని రెండు రాత్రులు ఉండాలని మావాడి సరదా. మావాడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఏడాది పొడుగునా ఇనప పెట్టెల్లో పైకీ కిందకీ తిరిగి తిరిగి వాడికి ఆకాశం మీద మోజు పుట్టింది. కోడలు ఆఫీసులో కాగితాలు టైపు చేస్తుంది. అందుకని ఇంట్లో ఏ పనికైనా ముందు కాగితం పుడుతుంది. టెంటు ప్రయాణానికి ముప్పై నాలుగు వస్తువులు, వరసగా నంబర్లేసి, ఫ్రిజ్ తలుపుకి అంటించింది. మా మనవరాలు ఆ కాగితం ముందు నిలబడి వేలు పెట్టి పైకి చదువుతుంటే నేను టీ తాగుతూ వినేవాణ్ణి. దానికి ఆరేళ్ళు. చిన్నగా, గుండ్రంగా, ఎప్పుడూ ఎవరో ఒకరి చొక్కా పట్టుకుని వేలాడుతుంటుందని అందరం గుండీ అంటాం.

చదవడం రాక విన్నానని కాదు. కూడబలుక్కుంటే నేనూ చదవగలను. పిల్ల ముచ్చటగా చదువుతోంది కదా అని.

అప్పటికి మూడేళ్ళ కిందట ఒకతను మా ఇంటికి పార్సిల్ తెచ్చాడు. సంతకం పెట్టమన్నాడు. పెడుతున్నాను. నా సంతకం నేను పెట్టగలను, కాస్త టైం పడుతుంది, అంతే. కోడలు లోపల్నుంచి వచ్చి నా చేతిలో పెన్ను లాక్కుంది. "మామయ్య సంతకం పూర్తయ్యేసరికి మీ డ్యూటీ దిగిపోతుందండీ" అంది. అతను నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఒక గుమ్మంలో నిలబడి ఇద్దరు మనుషులు నన్ను చూసి నవ్వారు. ఆ రోజు నుంచి ఆవిడతో నాకు మాటల్లేవు. ఏదన్నా చెప్పాలంటే గుండీతో చెప్పించేవాణ్ణి.

"గుండీ, వానొస్తే ఏం కప్పుకుని ఏడుస్తారో మీ అమ్మనడుగు."

"అమ్మా, వానొస్తే..."

"విన్నాన్లే. నాలుగు రెయిన్‌కోట్లు పెట్టానని మీ తాతయ్యకి చెప్పు. లిస్టులో తొమ్మిదో నంబరు. చూసుకోమను."

చూసుకోమను. ఆ మాట ఎందుకందో నాకు తెలుసు.

"పైకీ కిందకీ తిరిగే లిఫ్టయిపోయింది నా కూతురు" అన్నాడు మావాడు, టార్చి లైట్లో బ్యాటరీలు వేసుకుంటూ. "దీనికి రిపేరొస్తే నేను కూడా బాగుచెయ్యలేను. మాట్లాడుకోండిరా బాబూ."

ఆవిడ పెట్టినవన్నీ ఆవిడ లేనప్పుడు తీసి, నా పద్ధతిలో మళ్ళీ పెట్టాను. స్లీపింగ్ బ్యాగులు నాలుగు అడుగున. చిన్న గ్యాస్ పొయ్యి వీపు వైపు. గిన్నెలు ఒకదాంట్లో ఒకటి, మధ్యలో మోగకుండా తువ్వాలు. ఆ తర్వాత నా మంచం కింద రేకు పెట్టె బయటికి లాగాను. కాగితంలో లేనిది ఆ పెట్టెలో ఉంది.

మేకులు. మూరెడు పొడుగు కొయ్య మేకులు.

పెద్ద మేస్త్రి నాకు ఈ పని నేర్పినవాడు. సంచులు కట్టడం కన్నా ముందు ఆయన నాకు నేర్పింది మేకుల సంగతి. డేరాలో పడుకునే ప్రతి మనిషికీ ఒక మేకు ఉండాలి. ఆ మనిషి ఒంటి మీది పాత బట్ట చింపి దానికి చుట్టాలి. కొత్త గుడ్డ పనికిరాదు, అరువు గుడ్డ పనికిరాదు. మొదట ఎవరి చెమట తాగిందో ఆ గుడ్డ వాళ్ళదే. మేకు ఇంటి నుంచి సామానులో రావాలి. అక్కడికెళ్ళి అక్కడి కొమ్మ విరిచి చెక్కితే అది అక్కడిదే అవుతుంది, మనది కాదు. చీకటి పడకముందే మేకులన్నీ దిగగొట్టాలి.

"రాత్రి లెక్క చూసుకోవడానికి వస్తుందిరా" అనేవాడు. ఏమిటొస్తుందో ఎప్పుడూ చెప్పలేదు. "మేకున్నవాడు మనవాడు. లేనివాడు లోపల పడుకున్నా సరే, దాని లెక్కలో బయటివాడే."

నేను నవ్వేవాణ్ణి. ఒక ఏడాది మాకు కొత్త వంటవాడు చేరాడు. మధ్యలో వచ్చాడు. అప్పటికి మేస్త్రి జ్వరంతో మూలుగుతున్నాడు, మేకుల పని నాది. ఆ వంటవాడు అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మాడింది గీకి నాకు పెట్టేవాడు. రెండు రోజులూ పూటపూటా అంతే. వాడికి మేకు లేదని నాకొక్కడికే తెలుసు. గుర్తు లేక కాదు. మూడో రోజు పొద్దున వాడి పక్క ఖాళీగా ఉంది. డేరా తలుపు తాళ్ళు లోపల్నుంచి ముడివేసే ఉన్నాయి. చెప్పులు అక్కడే ఉన్నాయి. చెయ్యి పెట్టి చూస్తే దుప్పటి వెచ్చగా ఉంది. వారం రోజులు వెతికారు.

అప్పట్నుంచి నేను నవ్వలేదు.

ఉద్యోగం మానేసినప్పుడు నాతో తెచ్చుకున్న మేకులు నాలుగు. సరిగ్గా నలుగురికి సరిపోతాయి. నా పాత బనీను చింపి ఒకదానికి చుట్టాను. మావాడి లుంగీ అంచు చింపి ఒకదానికి. గుండీకి పసుపుపచ్చ పూల గౌను ఒకటుంది, ఎప్పుడు చూసినా అదే వేసుకుంటుంది. దాని లోపలి మడత కత్తిరించి మూడోదానికి చుట్టాను.

నాలుగోది చేత్తో పట్టుకుని కాసేపు కూర్చున్నాను. బాల్కనీలో తీగ మీద కోడలి బట్టలు ఆరుతున్నాయి. నాలుగు అడుగుల దూరం.

మేకు తీసుకెళ్ళి పైన అటక మీద పెట్టేశాను.

"తాతయ్యా, అది తీసుకురావా?" గుండీ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"పుచ్చిపోయిందమ్మా అది."

"పుచ్చిపోలేదుగా, బానే ఉందిగా."

"నీకు తెలుసా, నాకు తెలుసా?"

"నీకే" అంది, నా చొక్కా అంచు పట్టుకుని.

కోడలికి ఏదో అయిపోవాలని కాదు, కాస్త భయపడితే చాలనుకున్నాను అని ఇక్కడ చెప్పొచ్చు. కానీ వంటవాడి పక్క మీద చెయ్యి పెట్టి చూసినవాణ్ణి నేను. ఏమవుతుందో తెలియదని ఎలా అంటాను?

మేం వెళ్ళిన చోటు బాగానే ఉంది. గడ్డి నేల, ఒక కుళాయి, కార్లు ఆపుకోవడానికి కంకర పరిచిన జాగా. ఎదురుగా నీళ్ళు. ఆ పైన చెట్లు. ఇంకెవరూ రాలేదు. కోడలు కొన్న టెంటు పుట్టగొడుగులా దానంతటదే లేచి నిలబడింది. నాలుగు మూలలా నాలుగు రింగులు, వాటికి వేలెడంత ఇనప మేకులు. వాటిలో మూడు పీకేసి నా కొయ్య మేకులు దిగగొట్టాను.

"నాన్నా, ఇది కంపెనీ టెంటు. ఆ కట్టెలెందుకిప్పుడు?" అన్నాడు మావాడు.

"నీ లిఫ్టుకి తాడెందుకో దీనికివి అందుకు."

నా తలవైపు మూల నాది. మావాడి తలవైపు వాడిది. వాడి కాళ్ళవైపు మూల గుండీది. నా కాళ్ళవైపు మూల ఒక్కటే ఆ ఇనప మేకు మిగిలింది. కోడలు నడుం మీద చెయ్యి పెట్టుకుని నాలుగు మూలలూ చూసింది.

"గుండీ, నాలుగో కట్టె మర్చిపోయినట్టున్నారని మీ తాతయ్యకి చెప్పు."

"మర్చిపోలేదని మీ అమ్మకి చెప్పు" అన్నాను.

బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. మావాడు ఏవేవో నక్షత్రాల పేర్లు చెప్పాడు, సగం తప్పులు. గుండీ వాళ్ళమ్మ ఒళ్ళో పడుకుని నవ్వి నవ్వి నిద్రపోయింది. ఎర్ర మేజోళ్ళు విప్పి దాని బూట్లలో దోపాను. అవి నేను కొన్నవే. లోపల ఆ చివర మావాడు, వాడి పక్కన కోడలు, తర్వాత గుండీ, ఈ చివర నేను. జిప్పు వేశాక, రెండు కొక్కేల మధ్య తాడు కట్టి నా ముడి వేశాను. దీపం తీసేశారు.

నేను నిద్రపోలేదు. పోదలుచుకోలేదు.

టెంటులో చీకటి ఇంటి చీకటిలా ఉండదు. మొహానికి ఆనుకుని ఉంటుంది. ప్లాస్టిక్ గుడ్డ వాసన, పక్కనున్నవాళ్ళ ఊపిరి వాసన, నేల లోపల్నుంచి వచ్చే చల్లటి మట్టి వాసన. బయట కీచురాళ్ళు ఒకటే రొద. నీళ్ళు ఒడ్డుకి తగిలి వెనక్కి వెళ్తున్న చప్పుడు. మావాడి గురక. గుండీ పాదం ఒకటి నా తొడకి ఆనుకుని ఉంది.

ఎంతసేపు గడిచిందో తెలియదు. కీచురాళ్ళు ఆగాయి.

మెల్లగా తగ్గి ఆగలేదు. అన్నీ ఒక్కసారే ఆగాయి.

తడిసిన గోనెసంచి వాసన వచ్చింది. ఎప్పుడో తడిసి, ఎండ తగలక, మడత మీద మడతగా మూలన పడి ఉన్న గోనె. తర్వాత టెంటు గుడ్డ మీద ఏదో రాస్తున్న చప్పుడు... జర్ర్... జర్ర్... గోడ పట్టుకుని నడిచే గుడ్డివాడి వేళ్ళలాగ. నా తల దగ్గరికి వచ్చి ఆగింది.

టక్.

నా మేకు మీద. అదే క్షణంలో నా గుండెల మధ్య ఎముక మీద ఎవరో వేలు మడిచి తట్టినట్టయింది. తలుపు తట్టినట్టు. నోరు గట్టిగా మూసుకున్నాను.

జర్ర్... జర్ర్... అటు వెళ్ళింది. మావాడి తలవైపు.

టక్.

మావాడి గురక తెగింది. "ఊఁ" అని మూలిగి, గుండెల మీద గోక్కుని, పక్కకి తిరిగాడు.

మేస్త్రి అబద్ధం చెప్పలేదు. లెక్క చూసుకుంటోంది. నాకు ఒళ్ళు చెమట పట్టింది. కానీ దాచుకోవడం ఎందుకు, ఆ చెమటలో ఒక మూల సంతోషం కూడా ఉంది. ఇంకొకటి తడుతుంది. ఆ తర్వాత నాలుగో మూలకి వస్తుంది. అక్కడ కొయ్య ఉండదు. పార్సిల్ అతని ముందు నవ్విన నవ్వు, ఆ గుమ్మం, అవన్నీ ఆ మూల దగ్గర తేలిపోతాయి.

జర్ర్... కాళ్ళవైపు...

టక్.

"ఆఁ?"

కోడలు. నిద్రలోనే ఉలిక్కిపడి గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఏదో గొణిగి మళ్ళీ పడుకుంది.

నాకు అర్థం కాలేదు. తట్టింది గుండీ మేకుని. ఉలిక్కిపడవలసింది గుండీ. దాని పాదం నా తొడకి ఆనుకునే ఉంది. కదల్లేదు. వేలు కూడా కదల్లేదు.

మేకు పిల్లది. ఉలిక్కిపడింది తల్లి.

బయట అది నాలుగో మూలకి వచ్చింది. నా కాళ్ళ దగ్గర, గుడ్డకి అవతల, జానెడు దూరంలో. అక్కడ టక్ మనలేదు. ఏ చప్పుడూ లేదు. ఆగింది... వాసన చిక్కబడింది.

మేకుకి చుట్టిన ఆ గౌను అసలు ఎవరిదో, ఎక్కడిదో అడగాలి. ఒక్క మాట. అడగవలసింది కోడల్ని. మూడేళ్ళు నేను నిలబెట్టుకున్న పంతం అది. మావాణ్ణి లేపుదామని గుండీ మీదుగా, కోడలి మీదుగా చెయ్యి చాపాను. అందలేదు. ఇంకాస్త చాపాను. అందలేదు. పిలిస్తే ఆవిడా లేస్తుందేమోనని పిలవలేదు. మళ్ళీ చాపాను. అంతసేపూ అది ఆ మూలన నిలబడే ఉంది. నేను నా పంతం చూసుకుంటున్నంతసేపూ.

చివరికి నోరు తెరిచాను.

"అమ్మాయ్..."

ఈసారి కాస్త గొంతు పెంచాను.

"అమ్మాయ్!"

"...మామయ్యా? మీరేనా? ఏమైంది?"

"మెల్లగా మాట్లాడు. గుండీ పూల గౌను... ఎక్కడ కొన్నారు?"

"ఏంటీ?"

"పసుపుపచ్చ గౌను. ఎక్కడిది?"

చీకట్లో చిన్నగా నవ్వింది. "కొనలేదు మామయ్యా. నా పాత నైటీ కత్తిరించి కుట్టాను. పెళ్ళికి ముందు నుంచీ వేసుకున్నది, పారెయ్యబుద్ధి కాక. మూడేళ్ళ తర్వాత నోరు విప్పి అడగాల్సింది ఇదా మీరు?"

మొదట ఎవరి చెమట తాగిందో...

అప్పుడు గమనించాను. నా తొడకి ఆనుకున్న పాదం లేదు. ఎప్పుడు పోయిందో తెలియలేదు.

గుండీ స్లీపింగ్ బ్యాగు మీద చెయ్యి వేశాను. ఉబ్బెత్తుగా, గుండ్రంగా ఉంది. జిప్పు మెడ దాకా వేసే ఉంది. కొంచెం నొక్కాను. చెయ్యి కిందకి దిగిపోయింది. నేల తగిలేదాకా దిగిపోయింది.

లోపల వెచ్చగా ఉంది.

"పిల్ల లేచిందా?" అంది కోడలు.

చెప్పొచ్చు. అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే మేకుల సంగతి చెప్పాలి, నాలుగోది అటక మీద ఎందుకుందో చెప్పాలి.

"లేదు. పడుకో అమ్మా. బయటికెళ్ళొస్తాను."

"టార్చి తీసుకెళ్ళండి మామయ్యా. జాగ్రత్త." మూడేళ్ళలో ఆవిడ గొంతు అంత మెత్తగా నేను వినలేదు.

తలుపు దగ్గర తాడు తడిమాను. నా ముడి నేను వేసినట్టే ఉంది. విప్పడానికి నాకే రెండు చేతులూ, పళ్ళూ కావలసి వచ్చాయి. టార్చి, కొయ్య సుత్తి, గుండీ బూట్లోంచి ఒక ఎర్ర మేజోడు తీసుకుని బయటపడ్డాను.

చలి లేదు. గాలి లేదు. టార్చి వెలుగు నాలుగు బారలు వెళ్ళి అక్కడ ఆగిపోతోంది, గోడ ఉన్నట్టు. నాలుగో మూల చూశాను. ఇనప మేకు ఊడి ఉంది. విసిరేసినట్టు లేదు. టెంటు అంచు పక్కన గడ్డి మీద, పసిపిల్లని పడుకోబెట్టినట్టు నెమ్మదిగా పడుకోబెట్టి ఉంది.

"తాతయ్యా..."

నీళ్ళ వైపు నుంచి. దూరంగా.

"తాతయ్యా, నాది తెచ్చావా?"

"తెచ్చాను తల్లీ!" అన్నాను.

తేలేదు. చేతిలో మేజోడు ఉంది, దాన్ని చుట్టడానికి మేకు లేదు. నా మేకు పీకొచ్చు. ఆ ఆలోచన రాలేదని అనను. వచ్చింది. వచ్చాక కూడా నా కాళ్ళు మూడో మూలకే నడిచాయి. ఆ మేకు పట్టుకుని ఊపి, పీకేశాను. పసుపుపచ్చ గుడ్డ విప్పి గడ్డిలో పారేశాను. లోపల కోడలు ఒక్కసారి దగ్గింది. ఎర్ర మేజోడు చుట్టి, అదే గుంటలో పెట్టి కొట్టాను. లోపల వినపడకుండా మేకు మీద ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి, ఆ చేతి మీదే కొట్టాను.

ఒక దెబ్బ.

"నాదేనా తాతయ్యా?" గొంతు ఒడ్డు దాకా వచ్చింది.

"నీదే."

ఇంకో దెబ్బ. అడుగుల చప్పుడు. తడి కాళ్ళ అడుగులు. గడ్డి మీద చప్... చప్...

"నాకేనా?"

"నీకే తల్లీ, నీకే... రా."

నా చేతి ఎముక ఏదో పటుక్కుమంది. కొట్టాను. మేకు తల నేల మట్టానికి దిగింది. అప్పుడు ఒక చిన్న చల్లటి చెయ్యి వచ్చి నా రెండు వేళ్ళు పట్టుకుంది.

"వచ్చేశా" అంది.

టార్చి వేసి చూశాను. గుండీ. అదే జుట్టు, అదే గుండ్రటి మొహం, పాదాలకి బురద. నేను కూలబడిపోయి దాన్ని గుండెలకి హత్తుకుని ఏడ్చాను. అది ఏడవలేదు. నా భుజం మీద నుంచి టెంటు వైపు చూస్తూ నిలబడింది. లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టి, జిప్పు మెడ దాకా వేశాను. బ్యాగు నిండింది. బయట కీచురాళ్ళు మళ్ళీ మొదలయ్యాయి, అన్నీ ఒక్కసారే.

పొద్దున కోడలు నా చెయ్యి చూసి అదిరిపడింది. చీకట్లో రాయి మీద పడ్డానని చెప్పాను. మందుల పెట్టె తెచ్చి తనే కట్టు కట్టింది. "అందుకే లిస్టులో మొదటి నంబరు ఇదే రాశాను" అని నవ్వింది. ఆ నవ్వు వేరు. మావాడు మా ఇద్దర్నీ చూసి, "లిఫ్టు రిపేరయిందిరోయ్!" అని గంతులేశాడు.

ఇంకో రాత్రి ఉన్నాం. ఇంటికి పోదామని ఎంత చెప్పినా మావాడు వినలేదు. ఆ రాత్రి కోడలికి మేకు లేదు. అది నాకు తెలుసు. తెల్లవార్లూ కూర్చుని ఆవిడ ఊపిరి వింటూనే ఉన్నాను. ఏ వాసనా రాలేదు. ఎవరూ మేకు తట్టలేదు. కీచురాళ్ళు ఒక్క క్షణం కూడా ఆగలేదు. తెల్లారింది. కోడలు లేచి, ఒళ్ళు విరుచుకుని, మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. బతికిపోయిందని, నేనూ బతికిపోయానని అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో, సగం దారిలో, తట్టింది నాకు. మేకు లేని మనిషి పడుకుని ఉంటే అది ఎందుకు రాలేదు? లెక్క తేలకపోతేనే కదా మళ్ళీ రావడం. దాని లెక్క ముందు రాత్రే సరిపోయింది. తీసుకోవలసింది తీసేసుకుంది. అది తీసేసుకున్నాకే నేను మేకు కొట్టాను. "నాదేనా" అని అడిగితే, నీదే అన్నాను. వచ్చేది ఎవరో తెలియకుండానే రమ్మన్నాను.

పక్క సీట్లో గుండీ నా చొక్కా పట్టుకుని కూర్చుంది. బయటికి చూడ్డం లేదు. నన్నే చూస్తోంది.

ఆరు నెలలైంది. ఇంట్లో ఇంత సుఖం ఎప్పుడూ లేదు. కోడలు నాతో నోరారా మాట్లాడుతుంది. నా సంతకం కోసం ఎవరొచ్చినా పక్కన కుర్చీ వేసి, "నెమ్మదిగా పెట్టండి మామయ్యా, వాళ్ళాగుతారు" అంటుంది. తను ఆఫీసుకి వెళ్తూ, "మామయ్య దగ్గరుంటే నాకు నిశ్చింత" అని గుండీని నాకప్పగించి పోతుంది. బడి నుంచి వచ్చాక సాయంత్రం దాకా మేమిద్దరమే. అన్నం తింటుంది, ఆడుకుంటుంది, పిలిస్తే పలుకుతుంది. తల్లికి ఏ తేడా కనపడలేదు. తండ్రికీ కనపడలేదు. నేను చెప్పలేను. ఎక్కడ మొదలుపెట్టి చెప్పను?

పోయిన నెలలో దానికి ముందుపన్ను ఊడింది. ఆ ఈడుకి ఊడుతుంది, అందులో వింతేం లేదు. "అమ్మకి చెప్పకు తాతయ్యా" అని తెచ్చి నా చేతిలో పెట్టింది. చిన్న మందు డబ్బాలో దాచాను. మర్నాడు ఇంకోటి తెచ్చింది. ఆ మర్నాడు రెండు. పాలపళ్ళు ఇరవై ఉంటాయి. నాకు చదువు రాకపోవచ్చు గాని లెక్క తప్పదు. నిన్నటికి డబ్బాలో ఇరవై ఆరు ఉన్నాయి. నోరు తెరవమంటే తెరిచింది. పళ్ళన్నీ ఉన్నాయి. వరసగా, తెల్లగా, ఒక్కటీ కదలడం లేదు.

ఇవాళ తెచ్చింది పాలపన్ను కాదు, ఎవరో పెద్దవాళ్ళది. పొడుగ్గా, అరిగి, గార పట్టి ఉంది. వేరు ఇంకా తడిగా ఉంది. నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే ఒక్కొక్కటీ మూసింది. చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"లెక్క సరిపోవడానికి ఇంకా ఎన్ని కావాలి తాతయ్యా?"